సొరబుర్రలో గోలీలు

నాకు చిన్నప్పటి నుంచీ నవ్వుముఖం లేదు. "పుట్టంగనే మొహం ముడుచుకున్నవే, మంత్రసాని నిన్ను నా చేతికియ్యడానికే జంకింది" అనేది మా అమ్మ. అలాంటిదాన్ని తీసుకుపోయి సేవలో పెట్టారు. దేవుడికి మనుషులు కరువైనట్టున్నారు.

మాది బోనకల్. నాన్న రైలు పట్టాల మీద గ్యాంగు పని చేసేవాడు. పొద్దున ప్రార్థన, మాపటికి ప్రార్థన, ఆదివారం చర్చి, మధ్యలో మా అమ్మ తిట్లు. అదీ మా ఇల్లు. నర్సు పని నేర్చుకున్నాక, ఎనభైల మొదట్లో, నన్ను దుమ్ముగూడెం దాటి అడవి అంచున ఉన్న ఒక చిన్న మిషను దవాఖానాకు పంపారు. దవాఖానా అంటే రెండు పెంకుటి గదులు, ఒక వసారా, ఒక బావి. టీబీ రోగులను చూసుకోవడం నా పని. అప్పట్లో ఆ జబ్బుకు మొదటి రెండు నెలలు రోజూ సూది వెయ్యాలి, ఆ తర్వాత ఏడాదికి పైగా రోజూ గోలీలు మింగాలి. గోలీల కోసం అంతంత దూరం ఎవరూ రారు కాబట్టి, సంచి భుజాన వేసుకొని నేనే గూడెం గూడెం తిరిగి వారానికి సరిపడా ఇచ్చి వచ్చేదాన్ని. వాగులు దాటాలి, జలగలు పీక్కోవాలి, కుక్కల్ని అదిలించాలి. తీరా పోతే రోగి అడవికి పోయి ఉంటాడు.

పాస్టరుగారు వారానికోసారి వచ్చి పని చూసి, పోతూ పోతూ ఒక మాట అనేవారు.

"సేవ చేస్తే చాలదమ్మా. సంతోషంగ చెయ్యాలె. నీ మొహంల ఆ సంతోషమే కనబడతలేదు."

"అవునయ్యగారూ" అనేదాన్ని. లోపల మాత్రం, ఒక్కరోజు ఈ సంచి మోసి ఆ మాట చెప్పు నాయనా అనుకునేదాన్ని. కడుపులో లేనిది కావలించుకుంటే వస్తుందా? ప్రార్థన చేశాను, ఉపవాసం ఉన్నాను, అద్దం ముందు నిలబడి నవ్వడం కూడా నేర్చుకోబోయాను. సంతోషం రాలేదు గానీ, పక్క గదిలో వంట చేసే ముసలామె నాకు గాలి సోకిందని ఉప్పు తిప్పి పోసింది.

అప్పుడు వచ్చింది ఆమె. వచ్చింది అనకూడదు, మంచం మీద మోసుకొచ్చారు. కోయ గూడెం మనిషి, నాకన్నా రెండు మూడేళ్ళు చిన్న. ముందు కాళ్ళ వైపు భర్త, వెనక అతని తమ్ముడు మంచం పట్టుకొని వాగు దాటించి తెచ్చారు. దింపుతుంటే చూశాను, మంచం బరువే తప్ప మనిషి బరువు లేదు. తెమడలో నెత్తురు పడుతోంది. బతకదనుకున్నాను. అయినా వసారాలో చోటిచ్చి సూదులు మొదలుపెట్టాను.

మూడో సూదో నాలుగో సూదో వేస్తుంటే నా మొహంలోకి అదే పనిగా చూసి ఒక మాట అంది.

"అక్కా, నీ సూది కన్నా నీ మొహమే ఎక్కువ గుచ్చుకుంటుంది."

నాకు ఒళ్ళు మండింది. చావుబతుకుల్లో ఉన్నదానికి ఎంత నోరు! బయటికి వచ్చి బావి దగ్గర చేతులు కడుక్కుంటుంటే, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, నవ్వు వచ్చింది. ఆపుకోలేకపోయాను. ఆ వంట ముసలామె మళ్ళీ ఉప్పు తెచ్చింది.

రెండు నెలలు తిరిగేసరికి ఆమె లేచి నడిచింది. మూడో నెలలో బావి నుంచి నీళ్ళు తోడింది. వసారాలో పడుకొని మా పాటలన్నీ విని నేర్చుకుంది, మాకన్నా బాగా పాడింది. ఒకరోజు తానే అడిగి వాగులో బాప్తిస్మం తీసుకుంది. భర్త తీసుకోలేదు. "నా దేవుళ్ళు నాకున్నరు. నువ్వు పో, నేను వద్దంటినా?" అన్నాడు. ఆదివారం ఆమెను చర్చి దాకా తీసుకొచ్చి, కూడిక అయ్యేదాకా బయట ఇప్పచెట్టు కింద కూర్చొని, మళ్ళీ వెంట తీసుకుపోయేవాడు. ఆ మనిషి మంచితనం అప్పుడు నాకు అర్థం కాలేదు. మారని మనసు అనుకున్నాను. నా తెలివి అంతవరకే.

ఇంటికి పోయాక కూడా ఆమె నన్ను వదల్లేదు. నేను గూడేలకు బయలుదేరే రోజున వాగు దగ్గర కాచుకొని ఉండేది. సంచి లాక్కొని తన భుజాన వేసుకునేది. నాకు కోయ మాట రాదు. నేను తెలుగులో చెప్పింది ఆమె వాళ్ళ మాటలో చెప్పాలి. నేను "రోజూ మింగాలి, మరవొద్దు" అంటాను. ఆమె చేతులు తిప్పుతూ అరగంట చెబుతుంది. విన్నవాళ్ళు పొట్ట పట్టుకొని నవ్వుతారు, నవ్వుతూనే గోలీ మింగేస్తారు.

"నేనట్లా అన్నానా?" అనేదాన్ని.

"నువ్వన్నది చెప్తే ఎవరు మింగుతరక్కా? నువ్వు అనాల్సింది చెప్పిన."

ఇంకో మాట కూడా అనేది. "ఏడుపు మొహంతోటి ఇస్తే గోలీ చేదైతది. నవ్వి ఇయ్యి."

వాళ్ళూ వీళ్ళూ అని లేదు ఆమెకు. కళ్ళు కనబడని ముసలిదానికి నీళ్ళు తెచ్చిపెట్టేది, బాలింత ఇంట్లో గిన్నెలు తోమేది, పిల్లల తలల్లో పేలు తీస్తూ పాట పాడేది. అదంతా పుణ్యం కోసం చేస్తున్నట్టు ఉండేది కాదు, ఆటలాడుతున్నట్టు ఉండేది. ఆమె వెంట తిరిగిన ఆ కొన్ని నెలలే నా జీవితంలో నేను నిజంగా సంతోషపడ్డ రోజులు. ఇంత వయసొచ్చాక దాచుకోవడం ఎందుకు? పాస్టరుగారు కూడా గమనించారు. "ఇప్పుడు కనబడుతుందమ్మా" అన్నారు. నాకు గర్వమైంది. ఆ గర్వమే కొంప ముంచింది.

ఆ ఏడు కోతలయ్యాక కృతజ్ఞతా కూడిక పెట్టారు. ఖమ్మం వైపు నుంచి పెద్దలు వస్తున్నారు, మా దవాఖానా పని చూడటానికి. మా కూడికల్లో సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. దేవుడు తనకు చేసిన మేలును లేచి నిలబడి నలుగురికీ చెప్పాలి. చెబుతుంటే ప్రతి మాట చివరా జనమంతా "స్తోత్రం" అంటారు, కథ చెప్పేవాళ్ళకు ఊకొట్టినట్టు. మా దవాఖానా తరఫున ఎవర్నన్నా ఒకర్ని నిలబెట్టమన్నారు పాస్టరుగారు. "జల్దీ ముగించాలె, రెండు నిమిషాలు" అని కూడా అన్నారు.

ఎవర్ని నిలబెడతాను? ముందురోజు ఆమెను కూర్చోబెట్టి నేర్పించాను. ఆమె సూదుల దగ్గర మొదలుపెట్టి, గోలీల రంగు, నా కోపం, వంట ముసలామె ఉప్పు, అన్నీ వరసగా చెప్పుకొచ్చింది. వింటే నవ్వొస్తుంది కానీ అరగంట పడుతుంది.

"గిదంతా వద్దు చెల్లె" అన్నాను. "సూదులు, గోలీలు తియ్యి. చావబోతున్న నన్ను దేవుడు బాగుచేసిండు, ఇప్పుడు నాకు ఏ జబ్బు లేదు. అంతే. నవ్వుకుంట చెప్పు."

"గోలీలు చెప్పొద్దా?"

"వద్దు. పొడుగైతది."

ఆ మాటన్నది నేనే. ఈ నోటితోనే అన్నాను.

మర్నాడు ఎర్ర చీర కట్టుకొని నిలబడి, నేను నేర్పినట్టే చెప్పింది. దేవుడు బాగుచేసిండు, ఇప్పుడు నాకు ఏ జబ్బూ లేదు. స్తోత్రం, స్తోత్రం అని పందిరి మారుమోగింది. ఖమ్మం పెద్దల్లో ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ ఏడ్చాను, సంతోషంతో. ఆమె నన్ను వెతుక్కుంటూ చూసి, బాగా చెప్పినానా అన్నట్టు తలెగరేసింది. అప్పటికి ఆమె గోలీలు ఇంకా సగం కూడా కాలేదు.

వాళ్ళ గూడెంలో కాగితాలు లేవు. పొలం గట్టు తగాదా గానీ, పెళ్ళి ఒప్పందం గానీ, పదిమందిలో నిలబడి ఒక మాట అంటే అదే రాత, అదే సంతకం. అన్న మాట వెనక్కి తీసుకున్నవాడికి ఇంకో పంచాయితీలో నోరు లేవదు. ఆ పంచాయితీల్లో ఎన్నిసార్లో ఒక పక్కన కూర్చొని చూశాను. మాట అంటే వాళ్ళకు ఏమిటో నాకు తెలుసు. తెలిసీ తట్టలేదు. మాకు సాక్ష్యం అంటే చెప్పి కూర్చోవడం. ఆమెకు అలా కాదు.

వారం వారం గోలీలు ఇస్తూనే ఉన్నాను. రెండు చేతులూ పట్టి తీసుకుంటూనే ఉంది. మిగతావాళ్ళ చేత మింగిస్తూనే ఉంది. ఆమెను మాత్రం నేను ఏనాడూ అడగలేదు. అడగాల్సిన పనేముంది, నా కుడిభుజం కదా!

వానలు పట్టాక దగ్గు మొదలైంది. తడిసింది కదా అనుకున్నాను. తర్వాత పొగ అనుకున్నాను. గోదారి పొంగి, వాగు ఎగదన్ని, మూడు వారాలు దారి మూసుకుపోయింది. నీళ్ళు తీశాక పోతే, ఆమె వాగు దగ్గర లేదు. ఇంట్లో పొయ్యి పక్కన ఒరిగి కూర్చొని ఉంది. చెంపలు లోపలికి పోయాయి. నన్ను చూసి లేవబోయి దగ్గింది. దగ్గి, పక్కనున్న టేకాకును మెల్లగా మడిచింది. లాక్కొని చూశాను. నెత్తురు.

"ఇదేంది? గోలీలు మింగుతలేవా?"

మూల నుంచి భర్త అన్నాడు, "పైకి చూడు సిస్టరమ్మా. ఆ బుర్రల ఏమున్నదో చూడు."

వాసానికి ఒక ఎండు సొరబుర్ర వేలాడుతోంది, నీళ్ళు పోసుకునేది. దించి వంచితే ఏమీ రాలేదు. విదిలిస్తే చెమ్మకు అంటుకుపోయిన గోలీలు ముద్దముద్దలుగా నా ఒళ్ళో పడ్డాయి. తెల్లవి పసుపుపచ్చగా అయిపోయాయి. కూడిక నాటి నుంచి నేను ఇచ్చినవన్నీ అందులోనే ఉన్నాయి.

అరిచాను. ఆ గూడెం మొత్తం వినేలా అరిచాను. "నీకు బుద్ధుందా? చావాలనుందా? ఎండలో, వానలో నడుచుకుంటూ తెచ్చింది బుర్రలో పోసుకోవడానికా?"

"అందుకే పారెయ్యలే అక్కా" అంది. "నువ్వు అంత దూరం మోసుకొచ్చినయి. వద్దంటే నీకు కష్టమైతదని తీసుకున్న."

"మింగడానికేం రోగం?"

"దేవుడు బాగుచేసిండు, ఏ జబ్బూ లేదని పందిట్ల అంటిగా. అందరు స్తోత్రం అన్నరు. మల్ల చాటుకు గోలీ మింగితే నా మాట ఏమైతది? దేవుని మాట ఏమైతది? నీ పేరు పోదా?"

"నేను సెప్పిన, మింగవే అని. వినదు" అన్నాడు భర్త. తర్వాత నా వైపు తిరిగి, కోపం లేకుండానే అడిగాడు, "మీ దేవునికి సాక్ష్యం కావాల్నా, మనిషి కావాల్నా సిస్టరమ్మా?"

ఒళ్ళో గోలీలు పెట్టుకొని కూర్చొని ఏడ్చాను. చివరికి ఆమె చెయ్యి పట్టుకొని చెప్పాను. ఆ మాట నీది కాదు, నేను నేర్పిన మాట. తప్పు నాది. నలుగురిలో నిలబడి నేనే దాన్ని తీసేస్తాను. నువ్వు మింగు.

"నిజంగ తీసేస్తవా?"

"తీసేస్త."

అప్పుడు మింగింది. ఆనాటి నుంచి ఎవరికి గోలీలు ఇచ్చినా ఆ రోజువి నా ముందే మింగించి, నోరు తెరవమని, నాలుక పైకెత్తమని చూసేదాన్ని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే.

ఆ ఆదివారం చెబుదామనుకున్నాను. చర్చి నిండా జనం ఉన్నారు. పాస్టరుగారు ఆమె సాక్ష్యాన్ని అప్పటికే ఊరూరా చెబుతున్నారు. లేవబోయి, వచ్చే వారం అనుకున్నాను. వచ్చే వారం వాన. ఆ పై వారం తల నొప్పి. ఎందుకు అబద్ధాలు, సిగ్గు. ఖమ్మం పెద్దలకు తెలుస్తుందని భయం. చివరి వరసలో గోడకు ఆనుకొని కూర్చొని, ప్రతి ఆదివారం సాక్ష్యాల వేళ ఆమె నా వైపు చూసేది. అడిగేది కాదు. చూసేది, అంతే. నేను పాటల పుస్తకంలో తల దూర్చేదాన్ని.

గోలీలకు ఆమె తేరుకోలేదు. భద్రాచలం తీసుకుపోయి పెద్ద డాక్టరుకు చూపించాను. ఆయన నన్నే తిట్టాడు. "నర్సువై ఉండి మధ్యలో ఆపనిచ్చావా? జబ్బు ఈ మందుకు అలవాటు పడిపోయింది. ఇక ఇవి దీని మీద పనిచెయ్యవు." వేరే మందులు ఉన్నాయి గానీ ఈ చుట్టుపక్కల దొరకవన్నాడు. పాస్టరుగారు హైదరాబాదుకు ఉత్తరాలు రాశారు, నేను రాశాను. జవాబులో ప్రార్థిస్తున్నామని వచ్చింది. మందులు రాలేదు.

వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చొని గోదారిని చూస్తూ, "ఎంత పెద్దగున్నదక్కా! ఇన్ని నీళ్ళు ఏం జేసుకుంటది?" అని నవ్వింది. నాకు ఆ నవ్వు మీద కోపం వచ్చింది. ఇంకా దేనికే నవ్వుతావు అని అడగాలనిపించింది. అడగలేదు. ఇప్పటికీ నాకు ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చేదో తెలియదు.

ఇప్పపూలు రాలే రోజుల్లో పోయింది. పొద్దున్నే గూడెం ఆడవాళ్ళంతా పూలు ఏరడానికి పోయారు, ఇంట్లో మేమిద్దరం, భర్త. చివరిదాకా మాట పడిపోలేదు. "అక్కా, ఆ మాట..." అంది. "రేపే చెల్లె" అన్నాను. రేపు అనే మాట ఆ మనిషి ముందర అన్నాను చూడండి!

మా ఆచారం ప్రకారమే పూడ్చిపెట్టడానికి భర్త ఒప్పుకున్నాడు. తర్వాత ఆదరణ కూడిక. పోయినవారి గురించి నలుగురూ మంచి చెప్పి, ఇంటివాళ్ళను ఓదార్చే కూడిక అది. పాస్టరుగారు నన్ను లేవమన్నారు. లేచాను. ఈసారి దాటవెయ్యకూడదు అనుకున్నాను. నా ముందు కూర్చున్నవాళ్ళలో నా గోలీలు మింగుతున్నవాళ్ళే ఆరేడుగురున్నారు. కనీసం వాళ్ళన్నా వినాలి.

"ఆమె చెప్పిన సాక్ష్యం నేను నేర్పింది" అన్నాను.

"స్తోత్రం" అన్నారు జనం.

"దేవుడు ఆమెకు మందులిచ్చిండు. ఆ సంగతి చెప్పొద్దని నేనే అన్నాను."

"స్తోత్రం."

"ఆ మాట నిలబెట్టడానికి గోలీలు మానేసింది. అందుకే చచ్చిపోయింది."

"స్తోత్రం."

కళ్ళు మూసుకొని, చేతులెత్తి, మెల్లగా ఊగుతూ అంటున్నారు. నా గొంతు పెద్దదైంది. "వినండి, నేనే ఆమెను చంపిన!"

"స్తోత్రం, స్తోత్రం!" ఇంకా గట్టిగా అన్నారు. నేను ఏడుస్తున్నాను కదా, ఆత్మ నన్ను తాకిందనుకున్నారు. ముందు వరసలో ఒకామె పాట ఎత్తుకుంది. అందరూ అందుకున్నారు. అది ఆమెకు ఇష్టమైన పాటే. పాస్టరుగారు నా తల మీద చెయ్యి పెట్టి, "మంచి సాక్ష్యమమ్మా, హృదయం కదిలింది" అన్నారు. ఆయనేమీ చెడ్డవాడు కాదు. ఆయనకు నిజంగా అలాగే వినబడింది.

పాట నడుస్తుండగానే బయటికి వచ్చేశాను. ఇప్పచెట్టు కింద ఆమె భర్త కూర్చొని ఉన్నాడు, ఎప్పటిలాగే. సొరబుర్ర పక్కన పెట్టుకున్నాడు, అందులో నీళ్ళున్నాయి.

"నేను విన్న సిస్టరమ్మా" అన్నాడు. "లోపట ఎవరు వినలే. నేను విన్న."

అని, మొహం పక్కకు తిప్పుకొని దగ్గాడు. ఆ దగ్గు నాకు తెలుసు. ఏళ్ళ తరబడి చెవులు పెట్టి విన్నదాన్ని, పొరపడను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆమె మంచాన పడ్డప్పటి సంది."

"ఎందుకు చెప్పలే?"

"ఆమెకు తెలిస్తే నవ్వుడు బందైతదని."

నేను అతని పక్కన నేల మీద కూలబడ్డాను. అతనికి వచ్చింది ఆమె దగ్గరి జబ్బే. నా గోలీలకు అలవాటు పడిపోయిన జబ్బు. డాక్టరు మాట చెవుల్లో మోగుతోంది. నా సంచిలో ఉన్నవి ఆ గోలీలే, వేరేవి లేవు.

"రేపు భద్రాచలం పోదాం" అన్నాను.

"పోదాం తీయ్. ఇయ్యాల్టివి ఇయ్యి. మింగుత. నలుగురిల నిలబడి మాత్రం ఏం జెప్ప."

లోపల పాట ఇంకా సాగుతోంది. సంచి విప్పి గోలీలు తీశాను. ఏడుపు మొహంతో ఇవ్వకూడదని ఆమె చెప్పింది కదా. బలవంతంగా నవ్వి అతని చేతిలో పెట్టాను. సొరబుర్ర ఎత్తి నీళ్ళతో మింగాడు. నేను అడగకుండానే నా వైపు తిరిగి, నోరు పూర్తిగా తెరిచి, నాలుక పైకెత్తి చూపించాడు.